ఇంటి ముందు ఎంతసేపు కూర్చోవాలి? మైక్రోఫైనాన్స్ సంస్థల్లో ఇన్సెంటివ్ లెక్కలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

ఊళ్లలో ఆడవాళ్ల గ్రూపులకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల్లో జీతాలు, టార్గెట్లు, ఇన్సెంటివ్‌లు నిర్ణయించే పెద్దలకు నమస్కారం.

నా పేరుతో మీకు పని లేదు. 2008 నుంచి 2010 చివరి దాకా ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక సంస్థలో ఫీల్డ్ ఆఫీసర్‌గా పనిచేశాను. ఆ సంస్థ పేరు కూడా రాయను. ఇప్పుడు మా ఊళ్లో పాలకేంద్రం నడుపుకుంటున్నాను. పొద్దున పాలు, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం మళ్లీ పాలు. ఈ ఉత్తరం నాలుగైదు రాత్రులు కూర్చుని రాశాను.

అప్పు వసూళ్లలో నలిగిపోయిన ఆడవాళ్ల గురించి చాలామంది రాశారు. ఇంకా రాయాల్సింది ఉంది. నేను మాత్రం వసూలు చేసిన వాళ్ల గురించి రాస్తున్నాను. మమ్మల్ని చూసి జాలిపడమని కాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి మీరు ఉద్యోగం ఇస్తారు. ఆ ఉద్యోగం వాడికి జీతంతో పాటు ఒక బుద్ధి కూడా ఇస్తుంది. ఏది సిగ్గుపడాల్సిన పని, ఏది గర్వపడాల్సిన పని అన్నది వాడికి ఇంట్లో అమ్మానాన్న ఒకలా చెప్పి ఉంటారు. వసూళ్లను బట్టి ఇన్సెంటివ్ లెక్కగట్టే మీ నెలాఖరు షీటు ఇంకోలా చెబుతుంది. రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు ఎవరు చెబుతారో వాళ్ల మాటే చివరికి నిలుస్తుంది. మీరు ఒప్పుకున్నా లేకున్నా, మా వయసు వాళ్లకు మీరు బడిపంతుళ్లు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మళ్లీ మా వైపు బ్రాంచీలు వస్తున్నాయి. మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు, 2011లో దాని మీద వచ్చిన చట్టం చాలా ఏళ్లు ఇక్కడ మీ వ్యాపారాన్ని ఆపేశాయి. రిజర్వ్ బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అంటే మళ్లీ ఊళ్లలో డిగ్రీ పాసైన, బైకున్న కుర్రాళ్ల కోసం వెతుకుతారు. నన్ను కూడా అట్లాగే వెతికారు.

బీకాం అయ్యాక ఒక ఏడాది ఖాళీగా ఉన్నాను. ఇంటర్వ్యూలో అడిగినవి రెండే: బండి ఉందా, లైసెన్సు ఉందా. వారం రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. గోడ మీద, బంగ్లాదేశ్‌లో పేదలకు ఇట్లాంటి అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకు పెట్టి 2006లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న యూనస్ గారి ఫొటో ఉండేది. పేదవాడికి తాకట్టు లేకుండా అప్పు ఇవ్వొచ్చు, ఇస్తే తీరుస్తాడు అని చెప్పినప్పుడు నాకు నిజంగానే ఒళ్లు పులకరించింది. మా నాన్న నూటికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి, అసలు కన్నా ఎక్కువ కట్టి, ఇంకా బాకీ ఉన్న మనిషి. నేను మంచి పనికే వెళ్తున్నానని అనుకున్నాను. ఇప్పటికీ ఆ అనుకోవడంలో పూర్తిగా తప్పుందని అనను. మా దగ్గర అప్పు తీసుకుని బర్రెను కొనుక్కుని నిలదొక్కుకున్న వాళ్లున్నారు, కుట్టుమిషన్ కొనుక్కున్న వాళ్లున్నారు.

ట్రైనింగ్ మూడో రోజు వడ్డీ గురించి చెప్పారు. అప్పు 10,000. వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. వడ్డీ ఎంత అని ఎవరైనా అడిగితే పన్నెండున్నర శాతం అని చెప్పాలి. బీకాం చదివినవాణ్ణి గదా, చెయ్యెత్తాను. "వారం వారం అసలు తీరుతూనే ఉంటుంది సార్. సగటున ఆమె చేతిలో ఉండేది అయిదు వేల చిల్లరే. దాని మీద 1,250 అంటే పాతిక శాతం దాకా పడుతుంది గదా" అన్నాను. ట్రైనర్ కోప్పడలేదు. నవ్వాడు. "కరెక్టే. కానీ ఫ్లాట్ రేటు, అంటే మొదట ఇచ్చిన మొత్తం మీద వేసే వడ్డీ, పన్నెండున్నరే. మనం అబద్ధం చెప్పడం లేదు గదా" అన్నాడు.

నిజమే, అబద్ధం కాదు. ఆరు నెలల తర్వాత కొత్తగా చేరిన ఒక కుర్రాడు నన్ను అదే ప్రశ్న అడిగాడు. నేనూ అదే నవ్వు నవ్వాను. ఆ నవ్వు ఎప్పుడు నేర్చుకున్నానో నాకు గుర్తు లేదు. ఎవరూ నన్ను కూర్చోబెట్టి నేర్పలేదు. రోజూ చేస్తున్న పనిలోంచి వచ్చేసింది.

మంచీ నేర్చుకున్నాను, అది దాచను. పొద్దున ఆరున్నరకు మీటింగ్ అంటే ఆరున్నరకే ఉండేవాణ్ణి. వానలో, చలిలో, ఎండలో. నలభై మంది ముందు నిలబడి మాట్లాడటం వచ్చింది. బ్యాగులో డెబ్బై ఎనభై వేలు పెట్టుకుని మట్టి రోడ్ల మీద తిరిగాను. రెండేళ్లలో ఒక్క రూపాయి తేడా రాలేదు. చిరిగిన నోటు పొరపాటున తీసుకుంటే నా జేబులోంచి వేసేవాణ్ణి. బ్రాంచీలో అందరికీ నేనంటే నమ్మకం. నన్ను నేను నిజాయితీపరుడినని అనుకునేవాణ్ణి, డబ్బు విషయంలో అయితే అది నిజం కూడా.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. లెక్క తప్పకపోవడం అనే ఒక్క గుణాన్ని ఆ ఉద్యోగం నాలో బాగా పదును పెట్టింది. ఎంతగా అంటే, మిగతా గుణాలన్నీ దాని నీడలో ఎండిపోయినా నాకు తెలియలేదు. రాత్రి పడుకునే ముందు ఇవాళ ఏమైనా తప్పు చేశానా అని అనుకుంటే క్యాష్ టాలీ అయింది గదా అని జవాబు వచ్చేది. ఆ జవాబు రాగానే నిద్ర పట్టేది.

వారం వారం కిస్తీలు కట్టే సెంటర్ మీటింగ్ చూసినవాళ్లకు తెలుసు. అయిదుగురు ఒక గ్రూపు, ఆరు నుంచి ఎనిమిది గ్రూపులు కలిస్తే సెంటరు. చాప పరుచుకుని వరసల్లో కూర్చుంటారు. మొదట అందరూ లేచి ప్రమాణం చేస్తారు. దేవుడి సాక్షిగా వారం వారం వస్తామని, అప్పును చెప్పిన పనికే వాడతామని, తోటి సభ్యురాలికి కష్టం వస్తే ఆదుకుంటామని. ప్రమాణం చేయించేది ఇరవై రెండేళ్ల నేను. చెప్పేవాళ్లలో మా అమ్మ వయసు వాళ్లు, మా నాయనమ్మ వయసు వాళ్లు. "ఆదుకుంటాం" అన్న మాటకు ఆచరణలో అర్థం ఏమిటో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆమె కట్టకపోతే మీరు కట్టాలి.

మొదట్లో వాళ్లను "అక్కా", "అత్తా", "పెద్దమ్మా" అనేవాణ్ణి. మా ఊళ్లో అయితే అట్లాగే పిలుస్తాం గదా. వాళ్లు నన్ను మొదటి రోజు నుంచీ "సారూ" అన్నారు. వయసులో సగం లేనివాణ్ణి, కుర్చీ వేసి, చెంబుతో నీళ్లిచ్చి, తాము కింద కూర్చుని సారూ అనేవాళ్లు. నాకు మొదటి వారం ఇబ్బందిగా ఉండేది. నెల తిరిగేసరికి ఆ కుర్చీ లేకపోతే ఇబ్బంది అనిపించింది. కిస్తీ ఆలస్యమైన ఇంటి ముందు "అక్కా" కాస్తా "ఏమ్మా" అయింది. రెండో వారం ఆలస్యమైతే "నువ్వు" అయింది. ఆ తర్వాత బ్రాంచీలో మాట్లాడుకునేటప్పుడు మనిషే లేదు. "మూడో సెంటర్ రెండో గ్రూపు ఓడీ" అనేవాళ్లం. ఓవర్‌డ్యూ అన్నమాట. "ఓడీ దగ్గరికి వెళ్లావా?" "ఓడీ ఇంట్లో లేదు సార్." ఇవి మేము రోజూ వాడిన మాటలు. పిలుపు మారితే చూపు మారుతుందని మా నాయనమ్మ అనేది, ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఒక రోజు సంగతి చెబుతాను. 2009 ఎండాకాలం. ఒకామె మీటింగ్‌కు రాలేదు. భర్తను పట్నంలో పెద్దాసుపత్రిలో చేర్చారని, ఆమె అక్కడే ఉందని చెప్పారు. 225 రూపాయలు. గ్రూపులో మిగతా నలుగురిని సర్దమన్నాను. ఇద్దరి దగ్గర వాళ్ల కిస్తీకే తక్కువ పడింది. ట్రైనింగ్‌లో చెప్పినట్టే, సెంటర్ పూర్తయ్యేదాకా, అంటే అందరి కిస్తీలూ వచ్చేదాకా, ఎవరూ లేవొద్దు అన్నాను. నేను అరవలేదు. ఒక్క చెడ్డ మాట అనలేదు. కుర్చీలో కూర్చుని పాస్‌బుక్కులు సర్దుకుంటూ ఉన్నాను. ముప్పై మంది కింద కూర్చున్నారు. ఏడున్నర అయింది, ఎనిమిదిన్నర అయింది. మిరపకాయ ఏరడానికి పోవాల్సిన ట్రాక్టరు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. ఆ రోజు ముప్పై మంది కూలి పోయింది. అప్పుడు వాళ్లు లేచి రాని ఆమె ఇంటి మీదికి పోయారు. అరిచింది వాళ్లు. ఇంట్లో ఆమె అత్త ఒక్కతే ఉంది. ఆ ముసలామె చెవి కమ్మలు తీసి ఎవరికో ఇచ్చి 225 తెచ్చింది. పావు తక్కువ తొమ్మిదికి నా చేతిలో పెట్టారు. రసీదు రాసిచ్చి, బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

రెండు గంటల పావు కూర్చున్నాను. ఆ లెక్క కూడా నేను తప్పలేదు చూడండి.

ఆ నెల నాకు వంద శాతం వచ్చింది. ఇన్సెంటివ్ పడింది. పైగా బ్రాంచీ మీటింగ్‌లో మేనేజర్ నన్ను లేపి నిలబెట్టి, "చూడండి, ఒక్క మాట అనకుండా కలెక్షన్ ఎట్లా చేస్తాడో" అని చప్పట్లు కొట్టించాడు. నాకూ గర్వంగానే ఉంది. మిగతావాళ్లలా బూతులు తిట్టను, ఇంటి తలుపులు తన్నను. నేను మంచి ఫీల్డ్ ఆఫీసర్‌ని.

పండగకు ఇంటికి వెళ్లాను. మా ఊరు నా బ్రాంచీకి దూరం. సొంత ఊరి చుట్టుపక్కల పోస్టింగ్ ఇచ్చేవారు కాదు, ఇప్పుడూ ఇవ్వరనుకుంటా. మా అమ్మ వేరే సంస్థలో గ్రూపు లోన్ తీసుకుందని అప్పుడే తెలిసింది. చెల్లె ఫీజు కోసం తీసుకుందట. ఎట్లా ఉంది, సారు ఇబ్బంది పెడుతున్నాడా అని అడిగాను. "మా సారు మంచోడే బిడ్డా. ఒక్క మాటనడు. కూసుంటడు గంతే" అంది.

ఆమె మామూలుగానే అంది, చేటలో బియ్యం చెరుగుతూ. నాకు మాత్రం అన్నం దిగలేదు. అక్కడ కూర్చునే ఆ సారు కూడా ఎక్కడో ఒక అమ్మ కొడుకే గదా, వాడికీ నెలాఖరున చప్పట్లు కొడుతుంటారు గదా అనిపించింది. అయినా ఉద్యోగం మానలేదు. ఇది కూడా రాయాలి. నాలుగు రోజుల తర్వాత తిరిగి వెళ్లి మళ్లీ కూర్చున్నాను. ఏడాది పైన కూర్చున్నాను. తప్పని తెలిసిన తర్వాత చేసింది, తెలియక ముందు చేసిన దాని కన్నా ఎక్కువ.

ఎందుకు మానలేదని మీరు అడగొచ్చు. పొద్దున తొమ్మిదికి మేనేజర్ ఫోన్ వచ్చేది. హలో ఉండదు. "సెంటర్ క్లోజ్ అయిందా?" అదొక్కటే. కాలేదు అంటే, "కానిదే రావొద్దు." ఆయన మీద ఏరియా మేనేజర్, ఆ పైన ఇంకొకరు. అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు, ఎవరూ ఎందుకు కాలేదని అడగరు. మా రోజువారీ ఫారంలో వసూలైంది ఎంత, కానిది ఎంత అనే గడులు ఉండేవి. కారణం రాసే గడి లేదు. భర్త ఆసుపత్రిలో ఉన్నాడన్న మాట నా చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది, కాగితం మీదకి వెళ్లే దారే లేదు. కాగితం మీదకి వెళ్లని మాటను కొన్నాళ్లకు చెవి కూడా వినడం మానేస్తుంది.

ఒక్కోసారి మా జేబులోంచి కట్టేవాళ్లం. మీకు తెలియని విషయం కాదు. రెండు వందలు, మూడు వందలు. సాయంత్రం బండి మీద వెళ్లి ఆ రెండు వందల కోసం మళ్లీ అదే ఇంటి ముందు నిలబడేవాళ్లం. అప్పుడు కంపెనీ డబ్బు కాదు, నా డబ్బు. నా డబ్బు అయ్యేసరికి గొంతు మారుతుంది. కంపెనీ కోసం ఏనాడూ అనని మాట ఒకటి నేను నా సొంత రెండు వందల కోసం ఒకామెను అన్నాను. ఆ మాట ఇక్కడ రాయలేను.

బదిలీల విషయం కూడా ఆలోచించండి. ఒకే సెంటర్‌లో ఎక్కువ కాలం ఉంటే సిబ్బంది, సభ్యులు కుమ్మక్కై దొంగ లోన్లు రాస్తారని మీ భయం. అది ఉత్త భయం కాదు, నేను చూశాను అట్లాంటివి. కానీ సొంత ఊరికి దూరంగా, కొన్నాళ్లకోసారి సెంటర్లు మారుస్తూ తిప్పితే ఇంకొకటి జరుగుతుంది. మనిషికి సగం మంచితనం రేపు మళ్లీ అదే మనుషుల మధ్య తిరగాలి గదా అన్న సంగతి వల్లే వస్తుంది. అదే బావి నీళ్లు, అదే జాతర, అదే బస్సు. మా ఊళ్లో అయితే ఆ ముసలామె చెవి కమ్మలు నేను తీయించేవాణ్ణా? ఆమె మా నాయనమ్మతో కలిసి బతుకమ్మ ఆడే మనిషి అయి ఉండేది. మీరు మోసాన్ని ఆపడానికి తీసేసిన తాడునే పట్టుకుని మా సిగ్గు కూడా వేలాడుతోంది.

ఇక 2010 అక్టోబరు. ఆ ఏడాది మా జిల్లాలో ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాయి. అంతకు ముందు 2006లో కృష్ణా జిల్లాలో యాభై దాకా బ్రాంచీలకు తాళాలు వేయించిన సంగతి మాకు ట్రైనింగ్‌లో "రాజకీయం" అని చెప్పారు. మేమూ అదే నమ్మాం. ఆర్డినెన్సు వచ్చాక ఇళ్ల దగ్గర వసూలు చేయకూడదు, పంచాయతీ ఆఫీసులోనో, అందరికీ కనిపించే చోటో చేయాలి అన్నారు. బలవంతం చేస్తే జైలు. తర్వాతి వారం నేను సెంటర్‌కు వెళ్తే చాప లేదు. కుర్చీ లేదు. వందకు తొంభై తొమ్మిది కట్టిన ఊళ్లలో వసూళ్లు పదికి పడిపోయాయి. అన్నేళ్లు దేవుడి మీద ప్రమాణం చేయించాం గదా, అది ఒక్క వారంలో ఎటు పోయిందో. భయం మీద నిలబెట్టిన క్రమశిక్షణ కాబట్టి భయంతో పాటే పోయిందని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం ఆడవాళ్లంతా మోసగాళ్లు అనిపించింది. నిజంగా అనిపించింది. రెండేళ్ల ఉద్యోగం నా కళ్లను అక్కడికి తెచ్చి పెట్టింది.

అప్పుడొక రాత్రి ఒకామె నా గది దగ్గరికి వచ్చింది. మూడు కిస్తీలు మిగిలి ఉన్నాయి ఆమెకు. కొంగు ముడి విప్పి డబ్బులు తీసింది. "నీ జీతంల కోస్తరట గదా సారూ" అంది. పంచాయతీ ఆఫీసు దగ్గర కట్టమన్నాను. "గాడికొస్తే అందరు నన్నే తిడ్తరు" అంది. కొన్ని వారాల కింద కట్టలేదని తిట్టిన ఊరు, ఇప్పుడు కడితే తిడుతుంది. నేను తీసుకోలేదు. నా మంచితనం వల్ల తీసుకోలేదని అనుకోకండి, కొత్త చట్టానికి భయపడి తీసుకోలేదు. ఆమె మాత్రం నా జీతం గురించి ఆలోచించి, అర కిలోమీటరు చీకట్లో నడిచి వచ్చింది. రెండేళ్లలో నేను ఆమె కూలి గురించి ఒక్కసారి ఆలోచించలేదు. మేమిద్దరం ఒకే చాప దగ్గర రెండేళ్లు గడిపినవాళ్లమే.

నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. కొన్నాళ్లు హైదరాబాద్‌లో అవీ ఇవీ చేసి, 2013లో ఊరికి వచ్చి పాలకేంద్రం పెట్టుకున్నాను. అదే సమయం, పొద్దున ఆరు. అదే ఆడవాళ్లు, వరసలో. కాకపోతే ఇప్పుడు డబ్బు నా దగ్గర నుంచి వాళ్లకు వెళ్తుంది, పదిహేను రోజులకోసారి బిల్లు. బర్రె పాలకు వెన్న శాతాన్ని బట్టి ధర. మెషీన్‌లో శాంపిల్ పెడితే ఫ్యాట్ అంకె వస్తుంది.

మొదట్లో ఆ మెషీన్ ముఖం నా వైపు ఉండేది. 6.4 వస్తే 6.3 అని రాసుకోవచ్చు. కొన్నిసార్లు రాశాను కూడా. పాలు ఒలికిపోతాయి, విరిగిపోతాయి, నష్టం నాకే గదా అని నాకు నేను చెప్పుకున్నాను. పన్నెండున్నర శాతం అబద్ధం కాదన్న ట్రైనర్ నవ్వు నాలో ఇంకా బతికే ఉందన్నమాట. ఒక రోజు మా వాడకట్టు పెద్దమ్మ ఒకామె, "ఆ అంకెలు మాకు కనపడేటట్టు తిప్పరాదు బిడ్డా" అంది. అనుమానంతో కూడా అనలేదు, మనవరాలికి అంకెలు చదవడం వచ్చిందని చూపించుకోవడానికి అంది. తిప్పాను. ఆ తర్వాత నేను గొప్పగా మారిపోయానని చెప్పను. 6.3 అని రాయాలన్న ఆలోచన రావడం ఆగిపోయింది, అంతే. పోరాడి జయించింది ఏమీ లేదు. బల్ల మీద మెషీన్ తిరిగింది, దానితో పాటు నేనూ కొంచెం తిరిగాను.

అందుకే మీరు ట్రైనింగ్‌లో "కస్టమర్‌తో మర్యాద" అని ఒక పూట క్లాసు పెట్టారని వింటే నాకు నవ్వొస్తుంది. ఆ క్లాసు మాకూ ఉండేది. క్లాసు నేర్పేది ఒక పూట, ఇన్సెంటివ్ షీటు నేర్పేది నెలంతా.

రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో ఇచ్చిన ఆదేశాలు నేను తెప్పించుకుని చదివించుకున్నాను, అర్థం కానివి అడిగి తెలుసుకున్నాను. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే తాకట్టు లేని అప్పు మైక్రోఫైనాన్స్ కిందకి వస్తుందని, ఇంటి మీద ఉన్న అన్ని అప్పుల కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని ఉంది. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేసి అడగకూడదని ఉంది. ఇద్దరూ అనుకున్న చోటే వసూలు చేయాలి, వరసగా రెండుసార్లో, ఆపైనో రాకపోతేనే ఇంటికో, పని చేసే చోటికో వెళ్లాలి. ఇవన్నీ మంచివే. వీటన్నిటి కన్నా నన్ను పట్టుకున్నది ఇంకొక వాక్యం. సిబ్బంది కస్టమర్లతో ఎట్లా నడుచుకుంటున్నారన్నది వాళ్ల జీతభత్యాల లెక్కలో కూడా కలపాలని ఉంది.

ఆ వాక్యం మీ షీటులో ఎన్నో గడి? నాకు చూపించండి. ఫిర్యాదులు సున్నా అయితే మంచి నడవడి అని లెక్క వేస్తున్నారా? నేను కూర్చున్న రెండు గంటల పావుకు ఒక్క ఫిర్యాదు రాలేదు. అరవని వాడి మీద ఏమని రాస్తారు?

ఇంకొకటి. ఆ ఇంటి ఆదాయం ఎంతో, ఎన్ని అప్పులున్నాయో ఫారంలో నింపేది ఎవరు? నెలకు ఇన్ని లోన్లు ఇవ్వాలన్న టార్గెట్ ఉన్న ఆ కుర్రాడే. నెల ఆదాయం పదిహేను వేలు అని ఆమె చెబితే లోన్ రాదు, పద్దెనిమిది అని రాస్తే వస్తుంది. ఆమెకూ కావాలి, వాడికీ కావాలి. ఇద్దరూ నవ్వుకుంటూ రాసుకుంటారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నింపే మనిషిని, టార్గెట్ ఉన్న మనిషిని వేరు చేయండి. ఖర్చవుతుంది. తెలుసు.

నేను అడిగేవి పెద్ద ఫిలాసఫీలు కావు. రోజు ఫారంలో కారణం రాసే గడి ఒకటి పెట్టండి, పెట్టి దాన్ని ఎవరైనా చదవండి. ఒకసారి వెళ్లి, అడిగి, కారణం రాసుకుని వెనక్కి వచ్చే హక్కు కుర్రాడికి రాతపూర్వకంగా ఇవ్వండి. వాడు జేబులోంచి కడితే అది వాడి తప్పు కింద కాదు, మేనేజర్ తప్పు కింద రాయండి. అన్నిటికన్నా ముందు వసూళ్లలో ఆ చివరి రెండు శాతం మీద ఉన్న ఇన్సెంటివ్ తీసేయండి. నా కింద అప్పు తీసుకున్నవాళ్లు 420 మంది ఉండేవాళ్లు. తొంభై ఎనిమిది శాతం దాకా వసూలు కావడానికి నేను చేసిందేమీ లేదు, వాళ్లంతట వాళ్లే తెచ్చి కట్టేవాళ్లు. మిగిలిన రెండు శాతం అంటే ఎనిమిది ఇళ్లు. జ్వరం వచ్చిన ఇల్లు, వాన పడి కూలి దొరకని ఇల్లు, మొగుడు కొట్టి డబ్బు లాక్కున్న ఇల్లు. నేను పాడైపోయింది ఆ ఎనిమిది ఇళ్ల ముందే. మీరిచ్చే ఇన్సెంటివ్ మొత్తం కూడా ఆ ఎనిమిది ఇళ్లకే పెట్టిన ధర.

ఇట్లా చేస్తే బకాయిలు పెరుగుతాయని మీరు అంటారు. కొంత పెరుగుతాయేమో. 2010లో వందకు తొంభై మంది ఒక్కసారి కట్టడం ఆపినప్పుడు పోయినంత పోతుందా? 2025 ఫిబ్రవరిలో కర్ణాటకలో కూడా వేధింపుల మీద ఆర్డినెన్సు తెచ్చారు. పదిహేనేళ్ల తర్వాత, పక్క రాష్ట్రంలో, మళ్లీ అదే కథ. అక్కడ పట్టుబడేది కూడా బైకు మీద తిరిగే కుర్రాడే అయి ఉంటాడు. షీటు రాసినవాళ్లు ఆ ఊరికి ఎన్నడూ వెళ్లి ఉండరు.

మా వాడకట్టు పిల్లగాడు ఒకడు రెండు నెలల కింద మీలాంటి ఒక సంస్థలో చేరాడు. మంచివాడు. వాళ్ల నాన్న చనిపోయాక ఇంటి భారం వాడి మీదే ఉంది. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో తిరిగిన పిల్లవాడు. మొన్న సాయంత్రం బండి పాలకేంద్రం ముందు ఆపాడు. మెడలో ఐడీ కార్డు, భుజానికి బ్యాగు. పాలు పోస్తున్న ఆడవాళ్లలో ఇద్దరు వాణ్ణి చూసి కొంగు సర్దుకుని పక్కకు జరిగారు. వాళ్లు వాడికి వరసకు చిన్నమ్మలు.

జనం పోయేదాకా ఆగి, నా పక్కన కూర్చుని, మెల్లగా అడిగాడు.

"అన్నా, నువ్వు కూడ చేసినవట గదా ఈ పని. ఇంటి ముందల ఎంతసేపు కూసుంటే పైసలు కడ్తరు?"

నాకు జవాబు తెలుసు. నిమిషాలతో సహా తెలుసు. చెప్పలేదు. మీ మేనేజర్‌ని అడుగు అన్నాను. ఈపాటికి అడిగే ఉంటాడు.

ఇట్లు,
ఒకప్పటి ఫీల్డ్ ఆఫీసర్,
వరంగల్ జిల్లా